వరసలో ఆఖరి చేను

కాలి నాగలి ఒక్కరితో నడిచే పనిముట్టు కాదు. ఇద్దరు మగవాళ్లు చెరో నాగలి పట్టి భుజం భుజం ఆనించి నిలబడి, ఒక్కసారే కాలితో తొక్కి ఇనప నాలుకను నేలలోకి దించాలి. ఒక్కసారే పిడి వెనక్కి వంచాలి. లేచిన పెళ్లను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న ఆడమనిషి రెండు చేతులా పట్టి బోర్లా తిప్పాలి. ముగ్గురిలో ఒకరు తగ్గినా పెళ్ల మళ్లీ తన గుంటలోకే జారి పడుకుంటుంది.

బసీలియా పొద్దున్నుంచీ ఆ ముగ్గురూ తానే అయి చూస్తోంది. చచ్చిపోయిన మొగుడి నాగలి అది. తొక్కుతుంది. వంచుతుంది. వంచిన పిడిని నడుముతో అదిమిపెట్టి ముందుకు వంగి పెళ్లను అందుకోబోతుంది. చెయ్యి అందదు. పిడి వదిలేసి అటు పరిగెత్తుతుంది. అంతలో పెళ్ల కూర్చుంటుంది. ఇంటి వెనక పెరట్లో ఎండ నడినెత్తికి వచ్చేసరికి తిరిగిన పెళ్లలు పద్దెనిమిది. మంగళవారం కొండవాలు మీద నాట్లు మొదలు. ఒక్కదాన్నే చేయగలనా లేదా అని తేల్చుకోవడానికే ఈ తిప్పలు. తేలింది, చేయలేనని.

పెరటి గోడ అవతల గొర్రెలు ఆగాయి. వాటి వెనక అగ్రిపీన, చేతిలో కదురు తిప్పుకుంటూ.

“ఏందక్కా, నాగలితో ఆటాడుతున్నావా?”

“చూడ్డానికి వచ్చావు గదా. దిగిరా, పెళ్లొకటి తిప్పు.”

“అమ్మో! నీ మట్టి ముట్టుకుని ఇంటికెళ్తే మా మెలితోన్ గడప తొక్కనిస్తాడా?”

“మీ మెలితోన్ పోయినేడు ఇదే మట్టిలో తొక్కాడు. నా గిన్నెలోనే తిన్నాడు.”

“పోయినేడు ఇంజనీరు చెప్పలేదు గదా,” అంది అగ్రిపీన. కదురు ఆగలేదు. “ఆదివారం కూటమిలో నీ సంగతే మొదట. విత్తనమంతా బయటికి తెచ్చి కాల్చాలంటున్నారు. వాలు మీద నీ మళ్లు మూసేస్తారట. ముందే చెబుతున్నా, తర్వాత నామీద ఏడవకు.”

“ఏడుపొస్తే నీ దగ్గరికి రాన్లే.”

గొర్రెలు కదిలాయి. బసీలియా చేతికంటిన మట్టిని పావడాకు తుడుచుకుని నాగలి భుజానికెత్తుకుంది.

మే నెల కోతల్లో బయటపడిందిది. చాక్యారా ఊరి బంగాళాదుంప గడ్డల మీద నల్లపొక్కులు లేచాయి. మట్టి అంటుకున్నట్టే ఉంటాయి, నీళ్లలో రుద్దితే పోవు. అంతకుముందు నాట్లప్పుడే మొలకల్లో సగం నేల దాటి పైకి రాలేదు. వచ్చినవాటి కాడలు అడుగున నులిపినట్టు గోధుమరంగు తిరిగి, ఆకులు ముడుచుకుపోయాయి. విత్తన కేంద్రం ఇంజనీరు బూట్లేసుకుని వచ్చాడు, అట్ట మీద ఏదో రాసుకున్నాడు, బసీలియా ఇంట్లో గడ్డి పరిచి దాచిన నలభై మూడు రకాల గడ్డల్ని చూసి తలాడించాడు. “ఇన్ని పాతరకాలు కలిపి పెట్టుకుంటే రోగం రాక ఏమొస్తుంది? రోగానికి పుట్టిల్లు ఇదే,” అన్నాడు. అంతే. బూట్లున్నవాడు అన్నాడు గనక అది నిజం. చెప్పులు కూడా లేని ఆడమనిషి నలభై ఏళ్లుగా చేసిన పని అబద్ధం. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆమెతో బదులు పనికి రాలేదు, రమ్మనలేదు. జూన్ మంచులో గడ్డలు పరిచి, నీరు పోయేలా తొక్కి, ఎండబెట్టి చూన్యో చేసే పని పదిమంది నవ్వుకుంటూ చేసేది. ఈసారి ఆమె ఒక్కతే తొక్కింది. ఎదురుపడితే మనుషులు కోకా ఆకుల సంచిలోకి చెయ్యి పెట్టి, పలకరింపుగా ఇవ్వాల్సిన మూడాకులు ఏరి, ఇవ్వకుండా తమ నోట్లోనే వేసుకునేవాళ్లు.

ఒక్క మనిషి వచ్చింది. ఊరి మనిషి కాదు. కుస్కోలో ప్రయోగశాలలో పనిచేసే యనేత్. ఇరవై రోజుల కింద లారీ దిగి, ఒక్కతే కొండెక్కి, బసీలియా మూడు మళ్లలోనూ మట్టి, ఎండిన కాడలు, గడ్డలు కాగితపు సంచుల్లో వేసుకుంది. పోయినేడు విత్తన కేంద్రం ఊరికి పంచిన కొత్తరకం విత్తనం సంచులు గోదాములో ఉంటే, వాటి అడుగున మిగిలిన గడ్డలు కూడా నాలుగు అడిగి తీసుకుంది. “మీ గడ్డలకు రోగం తెచ్చిన బూజు ఏ తెగదో చూస్తానమ్మా” అంది. బూజుకు తెగలుంటాయని బసీలియా వినడం అదే మొదలు.

నాగలి గోడకు ఆనించి, మర్నాటి ప్రయాణానికి ఉడికించిన గడ్డలు మూట కట్టుకుంది.

*

లారీలో మనుషులు కిక్కిరిసి ఉన్నా బసీలియా చుట్టూ ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. పక్క ఊరివాళ్లకి సంగతి తెలీదు, వచ్చి కూర్చోబోయారు. చాక్యారా వాళ్లు కళ్లతోనే ఆపారు. ఆమె చూడనట్టు కొండల వైపు తిరిగింది. ఆ ఖాళీ జాగాలో మూట పెట్టుకుంది. నాలుగు గంటలు.

ప్రయోగశాల మేడ వెనకవైపు, మెట్ల కింద చీకటి గది. యనేత్ తెల్లకోటులో బల్ల ముందు కూర్చుని ఒంటరిగా సూపు తాగుతోంది. బసీలియాను చూసి చెంచా కిందపెట్టి లేచింది.

“మీరే వచ్చారా! ఇంత దూరం? కాగితం పంపిద్దామనుకున్నాను.”

“కాగితం వచ్చేసరికి నా గడ్డలు బూడిదైపోతాయి తల్లీ. ఆదివారమే కూటమి.”

యనేత్ ఇంకేం అడగలేదు. మూటలోని గడ్డలు బల్ల మీద పోయించుకుని, సూపులో సగం ఇంకో గిన్నెలో పోసి ఆమె ముందు పెట్టింది. ఇద్దరూ తిన్నారు. “వారంలో ఇక్కడ నాతో కూర్చుని తిన్న మనిషి మీరే,” అంది యనేత్ నవ్వుతూ. “పైఅంతస్తు వాళ్లకి మట్టి వాసన పడదు.”

తర్వాత అలమర తెరిచింది. గాజుపళ్లేలు దొంతర్లుగా ఉన్నాయి. అడుగున గట్టిపడ్డ గంజిలాంటి పదార్థం. దాని మీద బూజు.

“కాడ ముక్క కోసి, కడిగి, దీంట్లో పెడతాను. మూడు రోజుల్లో పాకుతుంది. ఇది మీ పైమడిది. ఇది నడిమడిది. చూడండి, లేతగా, పల్చగా ఉంది. ఇది గోదాములో సంచి గడ్డది.”

సంచి గడ్డ పళ్లెంలో బూజు చిక్కటి గోధుమరంగు. దాని నిండా నల్లటి చుక్కలు, తారు చిలకరించినట్టు.

“అవే,” అంది బసీలియా. “ఆ పొక్కులే.”

“అవే. కానీ కంటికి కనబడింది నమ్మకూడదు. అందుకే ఎదురెదురుగా పెడతాను.” ఇంకో పళ్లెం తీసింది. రెండు వైపుల నుంచి రెండు బూజులు పాకి నడుమ కలుసుకున్నాయి. “ఒక తెగవైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గోడ కరిగి ఇద్దరూ ఒకటైపోతారు. వేరే తెగవైతే పక్కనుంచి పోతాయి గానీ అతకవు. రండి, చూడండి.”

బసీలియా టోపీ తీసి, సూక్ష్మదర్శిని గొట్టానికి కన్ను ఆనించింది.

“నా కనురెప్పలే కనబడుతున్నాయి.”

“కాస్త వెనక్కి. ఊపిరి ఆపండి.”

నీలం రంగు వేసిన పోగులు. ఒక్కో పోగు నుంచి కొమ్మ అడ్డంగా చీలి, చీలిన చోట సన్నగా నొక్కుకుని ఉంది. రెండు వైపుల పోగులూ ఒకదాని మీదుగా ఒకటి దాటిపోతున్నాయి. ఎక్కడా అతకలేదు.

“ఇది మీ పైమడి బూజు, సంచి గడ్డ బూజు. చుట్టాలు కావు. మీ పైమడిదీ నడిమడిదీ అతుక్కున్నాయి. అవి పాతవి, ఈ కొండల్లో ఎప్పటినుంచో ఉన్నవి. ఆవమొక్కల వేళ్లలో కూడా బతుకుతాయి. కాడను కాస్త గోకుతాయి, అంతే. గడ్డ మీద పొక్కు కట్టవు. నల్లపొక్కు కట్టేది, మొలకను నేలలోనే చంపేది సంచిలో వచ్చిన తెగ.”

బసీలియా కన్ను తీయలేదు. 

“ఇది కాగితం మీద రాసిస్తావా?”

“రాస్తాను. అయితే మూడోది కూడా ఉందమ్మా.” యనేత్ ఇంకో పళ్లెం గొట్టం కింద పెట్టింది. “మీ కిందిమడి.”

పోగులు ఎదురొచ్చి, మొనకు మొన తగిలి, అతుక్కున్నాయి. మధ్యలో గీత లేదు. ఏది ఎవరిదో తెలీదు.

“దేనితో పెట్టావు?”

“సంచి గడ్డతో.”

బసీలియా నిటారుగా కూర్చుంది. తన కిందిమడిలో సంచి గడ్డ ఒక్కటి కూడా పడలేదు. బయటి విత్తనం ఊరి కింద తోటల్లోనే వేయాలి, ఉమ్మడి కొండవాలు మీద వేయకూడదని కూటమిలో గొంతు చించుకుని తీర్మానం చేయించింది తానే. పోయినేడు కిందిమడి దున్నింది మెలితోన్, అతని తమ్ముడు. ఉదయం తమ చేను ముగించుకుని, మధ్యాహ్నం అదే నాగళ్లతో వచ్చారు. నాగలి నాలుకకు పట్టిన మట్టిని చాక్యారాలో ఎవరూ కడగరు. ఒక చేను మట్టి ఇంకో చేనుకు చుట్టంగా పోవాలి, కడిగితే భూతల్లి బలిమి కడిగేసినట్టేనని నమ్మకం. తానే ఆ నాగలి మీద మొక్కజొన్న కల్లు, చిచ్చా చల్లి, అలాగే దింపండన్నది.

అంటే మెలితోన్ చేలో సంచి గడ్డ ఉంది. వాలు మీద. తీర్మానానికి విరుద్ధంగా, దొంగచాటుగా.

“అమ్మా, మూడోది రాయనా వద్దా?” యనేత్ కలం పట్టుకుని అడిగింది. “మీకు కావల్సింది రోగం ఎక్కడిదన్న సంగతే గదా. అది మొదటి రెండింటితోనే తేలిపోతుంది.”

బసీలియా గోళ్ల కింది మట్టిని గీక్కుంది.

“అది వద్దులే,” అంది.

యనేత్ తలెత్తలేదు. రాసింది, ముద్ర కొట్టింది, మడిచి ఇచ్చింది. బసీలియా దాన్ని టోపీ లోపల పెట్టుకుని తలకు గట్టిగా అదుముకుంది.

*

శనివారం ఉదయం బసీలియా ఇంటి తలుపు బార్లా తెరిచి వెలుగులో కూర్చుంది. కిందిమడి గడ్డల బుట్ట ముందు పెట్టుకుంది. దాని పేరు ‘కోడలిని ఏడిపించేది’. ఒళ్లంతా ముడతలు, బొడిపెలు, గుంటలు. పెళ్లయి వచ్చిన పిల్లకు అత్త ఇదిచ్చి చెక్కు తీయమంటుంది. చెక్కు సన్నగా తీస్తే పిల్ల పనిమంతురాలు. అమ్మకానికి పనికిరాదని ఊళ్లో అందరూ ఒక్కొక్కరే వదిలేశారు. ఇక మిగిలింది ఈ బుట్టే.

తడిగుడ్డతో తుడిచింది. బొటనవేలి గోరుతో గీకింది. మట్టి రాలింది, లోపల పసుపు చర్మం. పక్కన పెట్టింది. ఇంకోటి. శుభ్రం. ఇంకోటి. మొలకెత్తే కన్నులోపల, మడతలో, గోరు దూరనిచోట నల్లటి చుక్క. సూదితో పొడిచింది. రాలేదు. ఆవగింజంత.

దాన్ని విడిగా పెట్టి ఇంకోటి తీసింది.

మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ అయింది. రెండు కుప్పలు. ఒకటి శుభ్రమైనవి, చిన్న కుప్ప. కానీ ఆ శుభ్రమైనవాటి మడతల్లో ఏముందో ఎవరికి తెలుసు? నున్నటి గడ్డయితే చెప్పొచ్చు. ఇది కోడళ్లనే కాదు, కళ్లున్నవాళ్లందర్నీ మోసం చేసే గడ్డ. పెద్ద కుప్పలోంచి ఒకటి తీసి చిన్న కుప్పలో వేసింది. మళ్లీ తీసింది. రెండు కుప్పలూ కలిపేసి బుట్టలో పోసింది. మూత పెట్టి దాని మీద కూర్చుంది. ఎవరికీ తెలీదు. యనేత్ చెప్పదు. కాగితంలో లేదు. మెలితోన్ దొంగచాటుగా వేసుకున్నాడు, తాను ఒక్క బుట్ట దాచుకుంటే నేరమా?

సాయంత్రం మంచినీళ్లకు వెళ్లింది. ఊట దగ్గర ముగ్గురు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆమె రాగానే మాటలు ఆపారు. కుండ నిండేదాకా నీళ్ల చప్పుడు ఒక్కటే.

*

కూటమి బడి ముందు. మగవాళ్లు గోడవారన, ఆడవాళ్లు నేల మీద. అధ్యక్షుడు దొరొతెయో బల్ల వెనక. చుట్టూ కోకా సంచులు చేతులు మారుతున్నాయి. బసీలియా ఒక చివర కూర్చుంది.

“మొదటి సంగతి, బసీలియా విత్తనం,” అన్నాడు దొరొతెయో. “ఇంజనీరు చెప్పింది అందరూ విన్నారు…”

“నేనూ ఒకటి తెచ్చాను. అది కూడా వినండి,” అంటూ బసీలియా టోపీ తీసి కాగితం బల్ల మీద పెట్టింది.

దొరొతెయో విప్పాడు. ముద్ర చూసి సర్దుకుని కూర్చున్నాడు. గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. బూజు పేరు దగ్గర నాలుక మూడుసార్లు తడబడింది.

“పేరొదిలేయ్ నాయనా, పెళ్లి చేస్తామా ఏంటి దానికి!” వెనకనుంచి సిప్రియానో తాత అరిచాడు. అందరూ నవ్వారు. దొరొతెయో పేరు వదిలేసి మిగతాది చదివాడు. చదివేకొద్దీ గొంతు తగ్గింది. బసీలియా పైమడి బూజు పాతది. నల్లపొక్కు కట్టదు. పొక్కు కట్టే తెగ గోదాము సంచుల్లోని గడ్డల మీద దొరికింది.

నవ్వులు ఆగిపోయాయి.

“అయితే రోగం సంచిలో వచ్చిందన్నమాట,” అన్నారెవరో.

“సంచి గడ్డ కింద తోటల్లో గదా వేశాం,” అన్నాడు దొరొతెయో నెమ్మదిగా. “వాలు మీదికెలా ఎక్కింది?”

  ప్రతివాడూ తన కాళ్ల ముందు నేలను శ్రద్ధగా చూసుకుంటున్నాడు. తర్వాత ఒక కన్ను తిరిగింది. ఇంకోటి తిరిగింది. మెలితోన్ చేలో అందరికంటే ముందు పొక్కు కనిపించిందని ఇప్పుడు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. మెలితోన్ పక్కన కూర్చున్నవాడు కోకా సంచి అతనికివ్వకుండా దాటించి అవతలివాడికిచ్చాడు. అగ్రిపీన మొహం పాలిపోయింది.

బసీలియా ఆ సంచి దాటిపోవడం చూసింది. అది ఎలా ఉంటుందో ఆ బడి ముందు ఆమెకొక్కదానికే తెలుసు. మెలితోన్ మీద ఆమెకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. మనిషి మారాడు, ఆట అదే. ఇంజనీరు వేలు పెట్టి చూపిస్తే ఒకరు, కాగితం చూపిస్తే ఇంకొకరు. సంచి పంపినవాడు కుస్కోలో హాయిగా ఉన్నాడు.

“ఆగండి,” అంది. లేచి నిలబడింది. “ఆ కాగితంలో ఒకటి లేదు. నా కిందిమడిలో కూడా ఆ సంచి తెగే ఉంది. నా కళ్లతో చూశాను. రాయొద్దని నేనే చెప్పాను.”

కోకా సంచులు ఎక్కడివక్కడ ఆగాయి.

“చూశారా!” అగ్రిపీన కేక పెట్టింది. “చూశారా, నోటితో తనే…”

“నోర్మూసుకుని విను అగ్రిపీనా, నీ మేలుకే చెబుతున్నా. నేను సంచి గడ్డ వేయలేదు. నా మడికి అది నాగలి మీదొచ్చింది. కడగని నాగలి. దింపండి అన్నదీ నేనే. నాగలికి ఎక్కడ అంటింది అని నేనడగను. ఎవడు ఎక్కడ ఎన్ని సాళ్లు వేశాడో వాడికి తెలుసు. నా సంగతి నేను చెప్పాను. నా బుట్టలో రోగముంది. కాల్చక్కర్లేదు, తింటే ఏం కాదు. కానీ నాటను.”

ఆమె కూర్చుంది. పావడా సర్దుకుంది.

సిప్రియానో తాత నవ్వడం మొదలుపెట్టాడు. పళ్లులేని నోటితో, భుజాలు ఎగరేస్తూ. “నాకసలు సంచే ఇవ్వలేదు గదరా! సంతకం పెట్టలేనివాడికి విత్తనం లేదన్నారు. ఊళ్లో దొరని నేనొక్కణ్నే!”

ఎవరో ఆడమనిషి గొణిగింది. “మేం గట్టు వెంట రెండు సాళ్లు… పెద్దగడ్డ వస్తుందని.”

“రెండేనా?” అన్నాడు ఆమె మొగుడే. “నాలుగు.”

“మేం ఒక మూల.”

“మాదీ ఉంది.”

మెలితోన్ తలెత్తకుండా, “సగం చేను,” అన్నాడు.

దొరొతెయో బల్ల మీది కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు. “ఆరు సాళ్లు,” అన్నాడు చివరికి. “సరేనా? ఇక చూడకండి.”

బసీలియా విత్తనం కాల్చే సంగతి ఎవరూ ఎత్తలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు. అలాంటి మాట చాక్యారా నోటికి రాదు. దొరొతెయో నాట్ల వరస చెప్పడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే అధ్యక్షుడి చేను మొదట, తర్వాత పెద్దలవి. చివరగా, ఒక్క గుక్క ఆగి, అన్నాడు: “బసీలియా.”

అయిదు నెలల తర్వాత ఆ వరసలో తన పేరు. ఆమె ఊపిరి పీల్చుకుని సరేనంటే అయిపోయేది.

“తిరగెయ్ ఆ వరస,” అంది. “రోగమున్న చేలో తొక్కిన నాగలి మంచి చేలోకి పోతే మళ్లీ అదే కథ. మట్టి శుభ్రంగా ఉన్నవాళ్లు ముందు. సంచి వేసినవాళ్లు తర్వాత, తక్కువ వేసినవాడు ముందు, ఎక్కువ వేసినవాడు వెనక. నాది మెలితోన్‌తో పాటు ఆఖర్న. చేను చేనుకీ నడుమ నాగలి కడగాలి.”

“నాగలి కడగడమా?” ఒక ముసలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

“భూతల్లి అడిగితే నా పేరు చెప్పు అవ్వా.”

“మరి శుభ్రంగా ఉన్నదెవరిది?” అని దొరొతెయో చుట్టూ చూశాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఒక్కొక్కరి తలే వెనక్కి తిరిగింది, గోడమూలన కోకా నములుతూ కూర్చున్న సిప్రియానో తాత వైపు.

*

మంగళవారం ఊరి నాగళ్లన్నీ సిప్రియానో తాత మడిగట్టు మీద వాలాయి. అతని మడి ఎప్పుడూ ఆఖర్న, జనం అలిసిపోయి, చిచ్చా అయిపోయాక, సగం సగం దున్నేది. ఈరోజు నాగళ్లన్నీ కడిగి, ఎండలో ఆరబెట్టి తెచ్చారు. ఇనుము తెల్లగా మెరుస్తోంది. తాత గట్టు మీద నిలబడి నోరు తెరుచుకున్నాడు.

“ఏందిరా ఇది? నేను గానీ చచ్చానా?”

“చస్తే ఇంతమందిమి రాం తాతా!”

బసీలియా ఎవరి జట్టులో చేరాలో తేల్చుకోలేక గట్టు చివర నిలబడింది. జట్లన్నీ కుదిరిపోయాయి. మెలితోన్, అతని తమ్ముడు నాగళ్లు నేలకానించి నిలబడ్డారు. వాళ్ల ముందు పెళ్ల తిప్పే మనిషి లేదు. అగ్రిపీన కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయింది. మెలితోన్ ఎవరినీ పిలవలేదు. బసీలియా వెళ్లి, పావడా మడిచి, వాళ్లెదుట మోకాళ్ల మీద కూర్చుంది.

ఇద్దరూ తొక్కారు. వంచారు. పెళ్ల లేచింది. చల్లగా, బరువుగా ఆమె చేతుల్లోకి వచ్చింది. తిప్పింది. ఇంకోటి.  మొదటి సాలు చివర ఆమె వేళ్ల నుంచి రక్తం చిమ్మింది, నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ పెళ్ల పట్టుకుంది. ఎవరూ ఆమెనేం అడగలేదు. అవతలి జట్టులో ఏదో పరాచకానికి అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇటు వచ్చేసరికి ఆగిపోయింది.

మధ్యాహ్నం తిండివేళ ఒక్కొక్కరూ తెచ్చిన మూటలు నడుమ దుప్పటి మీద పోశారు. బసీలియా ఇంటి నుంచి మోసుకొచ్చిన బుట్ట కూడా బోర్లించింది. ఉడికించి గడ్డిలో చుట్టి తెచ్చిన గడ్డలు, ఇంకా సెగ తగ్గలేదు. బొడిపెలు, ముడతలు.

“ఓరి, కోడలిని ఏడిపించేది!” సిప్రియానో తాత రెండు చేతులా తీసుకున్నాడు. “ఎన్నేళ్లయిందిరా దీన్ని చూసి!”

మనుషులు చుట్టూ మూగారు. చెక్కు తీయలేక వేళ్లు కాల్చుకుంటూ, ఒకరినొకరు కోడళ్లని వెక్కిరించుకుంటూ తిన్నారు. లోపల పసుపు పిండి, నోట్లో పెడితే కరిగేది. మెలితోన్ ఒకటి తీసుకుని పక్కకెళ్లి కూర్చున్నాడు. మొత్తం తిన్నాడు. చెక్కు కూడా తిన్నాడు. ఇంకోటి తీసుకుని చేతిలో తిప్పి చూస్తూ ఉన్నాడు. జ్ఞానస్నానం నాడు తన పెద్దకూతురి తల మీద పాదిరి నీళ్లు పోసినప్పుడు ఆ పిల్లను ఎత్తుకున్నది బసీలియా. అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్య ఉన్న వరస పేరును అతను మే నెల నుంచి నోటితో అనలేదు.

“కొమాద్రే,” అన్నాడు ఆమెవైపు చూడకుండా. “మా అమ్మ వేసేది ఇది. నేనే వదిలేశాను. నాకు కాస్త విత్తనం ఇస్తావా?”

బసీలియా చేతికంటిన పిండిని నాకింది.

“ఉన్న విత్తనమంతా ఇదే,” అంది. “తిను.”